గోదావరి డెల్టాలో ఆఫ్రికన్ మహాగని: మొక్క నుంచి చెక్క దాకా

నేను 2011లో మా గట్ల మీద 60 ఆఫ్రికన్ మహాగని మొక్కలు నాటాను. ఐదో ఏడు కార్తీకంలో వచ్చిన వాయుగుండానికి వాటిలో ఒకటి పడిపోయింది. మాను విరగలేదు. మొదలంటా పెకలించుకుని చేలోకి ఒరిగింది. నీళ్లు తీశాక వేళ్ల చుట్టూ మట్టి గోకి చూశాను. తల్లివేరు కిందికి దిగనే లేదు. నర్సరీ సంచి అడుగున ఎలా చుట్టుకుందో అలాగే, జంతిక చుట్టలా తిరిగి, నా మణికట్టంత లావున గట్టిపడిపోయి ఉంది. పైన ఇరవై అడుగుల చెట్టు, కింద జానెడు చుట్ట. మొక్క కొన్న రోజే ఆ చెట్టు రాత రాసేసి ఉంది. అమ్మినవాళ్లకు తెలుసో లేదో కానీ, నాకైతే చూసుకోవాలని తెలియలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వేరు గురించే. "ఈ చెట్టుకు ఎన్ని నీళ్లు పెట్టాలి?" అని అందరూ అడుగుతారు. కాలువలున్న మన డెల్టాలో నీళ్లు పెట్టడం పెద్ద సమస్య కాదు. నీళ్లు బయటికి ఎలా తీయాలి, వేరు కిందికి ఎలా దించాలి, ఇవి రెండూ తెలిస్తే మిగతాది ఓపిక మీద నడుస్తుంది.

ముందు ఏ మహాగనో తేల్చుకోండి

మహాగని పేరుతో మన దగ్గర రెండు జాతుల మొక్కలు కలిపి అమ్ముతున్నారు. అమెరికా ఖండం నుంచి వచ్చింది స్వీటేనియా. ఆఫ్రికా నుంచి వచ్చింది ఖాయా. రెండూ మన వేప కుటుంబానివే. ఖాయాలో కూడా ఐవొరెన్సిస్, ఆంథోథెకా వంటివి వానలు దండిగా కురిసే అడవుల చెట్లు. మనం మాట్లాడుకునేది ఖాయా సెనెగలెన్సిస్ గురించి. సెనెగల్ నుంచి సూడాన్, ఉగాండా దాకా, ఏడాదికి 650 నుంచి 1,300 మిల్లీమీటర్ల వాన పడే చోట్ల, ముఖ్యంగా ఏటి ఒడ్డుల వెంట పెరుగుతుంది. మన వాన లెక్క ఆ పరిధిలోనే ఉంది. మరీ ఎండు నేలల్లో వేసవికి కొంత ఆకు రాల్చినా, తేమ ఉన్నచోట ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. మంచి నేలలో వంద అడుగుల దాకా పోగలదు.

తేడా పట్టుకోవడానికి కాయ చూడటం తేలిక. ఖాయా కాయ గుండ్రంగా, చెక్కలా గట్టిగా ఉండి, ఎండితే నాలుగు రెక్కలుగా విచ్చుకుంటుంది. లోపలి గింజ పల్చటి బిళ్ల, దాని అంచు చుట్టూ సన్నటి రేకు ఉంటుంది. స్వీటేనియా కాయ పొడుగ్గా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఐదు రెక్కలుగా పగులుతుంది, గింజకు ఒక కొసన పొడుగాటి రెక్క ఉంటుంది. పువ్వులోనూ అంతే, ఖాయాకు నాలుగు రేకులు, స్వీటేనియాకు ఐదు. నర్సరీలో కాయా పువ్వూ ఉండవు కదా, అప్పుడు ఆకు చూడండి. స్వీటేనియా చిట్టి ఆకు మొదలు దగ్గర ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా వంకరగా ఉండి, కొన బాగా సాగి మొనదేలుతుంది. ఖాయా ఆకు రెండు పక్కలా ఇంచుమించు సమంగా, కొన పొట్టిగా ఉంటుంది. నేను తెచ్చిన 60లో 11 అమెరికావి అని నాకు మూడేళ్లకు గానీ తెలియలేదు. అవి చెడ్డ చెట్లు కావు. పెరుగుదల వేరు, చెక్క వేరు. ఒకే గట్టు మీద కలిపి వేస్తే త్వరగా ఎదిగింది రెండో దాన్ని కమ్మేస్తుంది.

ఆఫ్రికాలో ఈ చెట్టును విపరీతంగా నరికేశారు. అందుకే 2022లో పనామాలో జరిగిన సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో ఆఫ్రికా ఖాయా జాతులను రెండో అనుబంధంలో చేర్చారు. అక్కడి దుంగ, పలక సరిహద్దు దాటాలంటే ఇప్పుడు అనుమతి పత్రం కావాలి.

ఎక్కడ నాటాలి

డెల్టా అంతా ఒకే నేల అనుకోకండి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల మధ్య పది కిలోమీటర్లు నడిస్తే నాలుగు రకాల మట్టి తగులుతుంది.

లంక భూముల్లో ఒండ్రు లోతుగా, గుల్లగా ఉంటుంది. వేరు హాయిగా దిగుతుంది. నా మటుకు నాకు ఈ చెట్టుకు డెల్టాలో ఇంతకు మించిన నేల లేదు. సొంత దేశంలోనూ ఏటి ఒడ్డునే పెరిగే చెట్టు కాబట్టి, ఎదిగాక కొద్ది రోజుల వరదకు తట్టుకుంటుంది. మొదటి రెండేళ్ల మొక్కను మాత్రం వరద వడి ఊడ్చేస్తుంది. నీరు వడిగా పారే అంచు వదిలి, లంక మధ్యలో మెరక చూసుకోండి.

కొబ్బరి తోటల్లోని మెరక నేల రెండో మంచి చోటు. అయితే నీడలో నాటితే మొక్క సన్నగా సాగిపోతుంది. తోట అంచున, ఎండ తగిలే వైపు వేయాలి.

వరి చేల నల్లమట్టే అసలు చిక్కు. సార్వా, దాళ్వా రెండు పంటలకూ నీళ్లు నిలిచే నేల. అడుగు లోతున దమ్ము తొక్కుడుకు గట్టిపడిన పొర ఉంటుంది. దాని కింద నాలుగైదు అడుగుల్లోనే ఊట తగిలే చోట్లున్నాయి. ఊట పైకి ఉన్నచోట ఏ చెట్టూ వేరు లోతుకు దించదు, పక్కలకు పరుస్తుంది. అలా పరిచిన చెట్టు గాలికి ఆగదు. అందువల్ల చేలో నాటొద్దు. గట్టు మీద నాటాలన్నా ఆ గట్టు కనీసం ఐదారడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. కాలిబాట గట్టు మీద నాటినవాళ్ల చెట్లు మూడో ఏటికే చేలోకి వంగడం నేను చూశాను.

సముద్రం వైపు ఉప్పు తేలే నేలల్లో, రొయ్యల చెరువుల పక్కన తొందరపడకండి. వేసవిలో నేల మీద తెల్లగా పొర కడుతోందంటే మట్టి పరీక్ష చేయించాకే ఆలోచించాలి. చేపల చెరువు గట్టు మీదైతే అసలు వద్దు. వేరు గట్టును చీలుస్తుంది, ఆకు నీళ్లలో పడి కుళ్లుతుంది, నీడ పడి చెరువు చల్లబడుతుంది.

ఇక ఇంటి పక్కన. నీడ బాగుంటుందని గుమ్మం ముందు వేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో వీధుల నిండా ఇవే నాటారు. 2018 మార్చిలో మార్కస్ తుపాను వచ్చినప్పుడు వేల చెట్లు కూలాయి, వాటిలో ఈ మహాగనులు చాలా ఉన్నాయి. వియత్నాంలో హనోయి వీధుల్లోనూ ఫ్రెంచి వాళ్ల కాలం నుంచి ఉన్న ఈ చెట్లు తుపాను వచ్చినప్పుడల్లా పడుతుంటాయి. అక్కడ వేరుకు పేవ్‌మెంటు అడ్డం, ఇక్కడ మనకు ఊట అడ్డం. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో కొబ్బరిచెట్లే నేలకొరిగిన ప్రాంతం మనది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో ఇంటికీ, రోడ్డుకూ, కరెంటు తీగలకూ అంత దూరం ఉంచండి. వంద అడుగులనుకుంటే మీకు తప్పు జరగదు.

గట్టు ఎంపికలో ఇంకో సంగతి. సూర్యుడు ఏడాదిలో ఎక్కువ కాలం మనకు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి నీడ ఉత్తరానికి పడుతుంది. మీ చేను ఉత్తరపు గట్టు మీద నాటితే మీ వరికి నష్టం ఉండదు, నీడంతా పక్క రైతు చేలో పడుతుంది. కాబట్టి నాటకముందే ఆ రైతుతో మాట్లాడండి. నీడ గురించి, వేళ్ల గురించి, కొమ్మలు ఎవరు కొట్టించాలనే దాని గురించి. ఇరవై ఏళ్ల చెట్టు పెట్టి ఇరవై ఏళ్ల తగువు పెట్టుకోవడం బాధాకరం. ఉత్తర దక్షిణాలుగా సాగే గట్టయితే నీడ పొద్దున ఒక పక్కకూ సాయంత్రం ఒక పక్కకూ పోతుంది, ఇద్దరికీ సమానం.

మొక్క: కొనడం, పెంచడం

కడియం, కడియపులంక నర్సరీలు పక్కనే ఉండటం మనకు పెద్ద వరం. అయితే అక్కడ కంటికి ఎత్తుగా, నిగనిగలాడుతూ కనిపించే మొక్కే మంచిదనే భ్రమలో పడకండి. ఆరడుగుల మొక్క చిన్న సంచిలో ఉందంటే అది ఆ సంచిలో ఏడాదికి మించి ఉందని అర్థం. నాకు పడిపోయిన చెట్టు అలాంటిదే. రెండడుగుల లోపు ఎత్తు, పెన్సిల్ కంటే లావు కాండం, పక్క నుంచి కొమ్మలు లేకుండా ఒకటే కొన, ఇది చూడాలి. ఒక మొక్క సంచి చింపి చూపించమని అడగండి, దాని డబ్బు మీరే ఇస్తామని చెప్పండి. వేరు అడుగున గుండ్రంగా తిరిగి ఉంటే ఆ లాటు మొత్తం వదిలేయండి.

గింజ నుంచి పెంచుకోవాలంటే కాయలు గోధుమ రంగుకు తిరిగి, ఇంకా పగలక ముందే కోసి, నీడలో గోనె మీద ఆరబెట్టాలి. కిలోకు ఆరేడు వేల గింజలు తూగుతాయి. వేడీ తేమా కలిసిన మన గాలిలో మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. తాజాగా వేసేయడమే మంచిది. ఇసుక కలిపిన మట్టిలో అర అంగుళం లోతున, పల్చటి నీడలో వేస్తే పది నుంచి పద్దెనిమిది రోజుల్లో మొలుస్తాయి. నాలుగు ఆకులు రాగానే పొడుగాటి సంచిలోకి మార్చి, నేల మీద కాకుండా ఇనుప వల పరిచిన బల్ల మీద పెట్టండి. అడుగున గాలి తగిలితే వేరు కొన అక్కడే ఎండి ఆగిపోతుంది, చుట్ట తిరగదు. నాలుగైదు నెలల మొక్క నాటడానికి సరిపోతుంది.

గొయ్యి కాదు, దిబ్బ

చాలామంది రెండడుగుల పొడుగు, వెడల్పు, లోతుతో గొయ్యి తీసి మంచి మట్టీ పేడా నింపి నాటమంటారు. మెట్ట ప్రాంతానికి అది సరైన మాటే. మన నల్లమట్టిలో అలా చేస్తే ఆ గొయ్యి కుండ అవుతుంది. పార నున్నగా చెక్కిన గోడల్లోంచి నీళ్లు ఇంకవు, శ్రావణ భాద్రపదాల్లో వాన నీరంతా అందులో నిలుస్తుంది. వేరు ఆ మెత్తటి మట్టిలోనే తిరుగుతుంది, బయటికి పోదు. మళ్లీ సంచి కథే, కాస్త పెద్ద సంచి.

కాబట్టి మన దగ్గర పని వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో మొదలుపెట్టాలి. నేల నెర్రెలిచ్చి ఉంటుంది. గునపంతో మొక్క పడే చోట ఒకటిన్నర అడుగు లోతు కుళ్లగించండి. అడుగున గట్టి పొరను నాలుగైదు చోట్ల పొడిచి చీల్చండి. గోడలు గరుకుగా వదిలేయండి. తీసిన మట్టికి పది కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి మళ్లీ అందులోనే వేసి, చుట్టుపక్కల పైమట్టి లాగి నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు దిబ్బ చేయండి. తొలకరి రెండు వానలకు అది కుంగుతుంది. మళ్లీ మట్టి వేయండి. దిబ్బకు రెండు పక్కలా చిన్న బోదె తీసి మురుగు కాలువకు కలపండి.

మెరక నేలలో జూన్ ఆఖరు, జూలైలో నాటండి, అక్టోబరు గాలుల లోపు వేరు పట్టుకుంటుంది. పల్లం గట్టయితే నేను డిసెంబరులోనే నాటమంటాను. తుపాన్ల కాలం దాటుతుంది, నేలలో తడి ఉంటుంది. అయితే వచ్చే ఏప్రిల్, మే నెలల్లో కాలువ రాదు, బోరో చెరువో ఉండాలి.

నాటేటప్పుడు సంచి పూర్తిగా తీసేయండి. వేరుముద్ద అడుగున అంగుళం మేర కత్తితో కోసి, పక్కల నిలువుగా మూడు గాట్లు పెట్టండి. మొదటిసారి చేసినప్పుడు ప్రాణం ఒప్పదు. ఆ గాట్ల దగ్గరి నుంచే కొత్త వేళ్లు బయటి మట్టిలోకి వెళ్తాయి. మొక్క మెడ, అంటే కాండం వేరుగా మారే చోటు, దిబ్బ పైమట్టికి సమంగా ఉండాలి. మెడ కప్పితే కుళ్లు వస్తుంది. ఊతకర్ర పెడితే కాండంలో కింది మూడో వంతు దగ్గరే, కొబ్బరి తాడుతో వదులుగా కట్టండి. గాలికి కొద్దిగా ఊగితేనే కాండం మొదలు లావెక్కుతుంది. ఏడాదికి కర్ర తీసేయాలి. నేను రెండేళ్లు ఉంచిన మొక్కలు కర్ర తీయగానే వంగిపోయాయి.

దూరం విషయానికొస్తే, గట్టు మీద ఒక వరసలో 15 అడుగులు. తోటగా వేస్తే 12 అడుగులకొకటి, ఎకరానికి 302 మొక్కలు వస్తాయి. ఏడెనిమిదేళ్లకు వీటిలో సగం తీసేయాలి. కొమ్మలు ఒకదానికొకటి తగిలాక మాను లావెక్కడం ఆగుతుంది. బాగున్నదాన్ని కొట్టడానికి చెయ్యి రాదు కాబట్టి ముందే వంకరవి, రెండు కొనలవి, బక్కవి రంగు గుర్తు పెట్టుకోండి.

మొదటి నాలుగేళ్లు: కొన కాపాడుకోవడం

ఈ చెట్టుకు అసలు శత్రువు చిగురు తొలిచే పురుగు. శాస్త్రీయ నామం హిప్సిపైలా రొబస్టా. మహాగని, తూన వంటి చెట్ల మీద ఇదే పడుతుంది. రెక్కల పురుగు రాత్రిపూట లేత చిగురు మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు కొనలోకి దూరి గుజ్జు తింటూ కిందికి దిగుతుంది. పొద్దున చూస్తే చిగురు తల వేలాడేసి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే చిన్న కంత, దాని మూతి దగ్గర బంకతో కలిసిన ఎర్రటి పొట్టు, వక్కపొడిలా, సన్నటి దారాలతో అల్లుకుని ఉంటుంది.

పురుగు వల్ల చెట్టు చావదు. కొన పోతుంది, దాని కింద నుంచి మూడు నాలుగు కొమ్మలు లేస్తాయి, మాను నాలుగడుగుల దగ్గరే చీలిపోతుంది. ఇరవై ఏళ్లు పెంచాక మీ చేతికి వచ్చేది వంటచెరుకు.

లోపల ఉన్న పురుగుకు పైనుంచి కొట్టే మందు అందదు. కంటితో చూడటమే మందు. వానలు మొదలై కొత్త చిగురు వేసే రోజుల్లో వారానికోసారి గట్టు వెంట నడవండి. వాడిన కొనను సొరంగం అయిపోయి తెల్లటి ఆరోగ్యమైన గుజ్జు కనిపించే దాకా కోసి, ఆ ముక్కను కాల్చేయండి, గట్టు మీద పారేయొద్దు. మూడు వారాల్లో కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో బలంగా, నిటారుగా ఉన్నది ఒకటి ఉంచి మిగతావి గోటితో గిల్లేయండి. ఇలా నాలుగేళ్లు. కొన 15, 18 అడుగులు దాటాక పురుగు పడినా మీ దుంగకు నష్టం లేదు.

యూరియా ఎక్కువ వేస్తే చిగురు మెత్తగా పొడుగ్గా వస్తుంది, పురుగుకు విందు. ఏడాదికి రెండుసార్లు మాగిన ఎరువు చాలు. పక్కల పల్చటి నీడ ఉంటే పురుగు తగ్గుతుంది, మొక్క కూడా వెలుతురు కోసం నిటారుగా సాగుతుంది. నేను మొక్కల రెండు వైపులా కంది చల్లాను. అరటి కూడా పనికొస్తుంది, కానీ అరటి చెట్టు గాలికి మొక్క మీద పడకుండా చూసుకోవాలి. రెండేళ్లు దాటి నీడ పెరిగాక కంద, పసుపు బాగా వస్తాయి.

కొమ్మల కత్తిరింపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టుకోండి. వానల్లో కోస్తే గాయం తడిసి కుళ్లుతుంది. కొమ్మ బొటనవేలంత ఉన్నప్పుడే తీసేయాలి. చెయ్యంత లావయ్యాక కోస్తే ఆ ముడి చెక్కలో జీవితాంతం ఉంటుంది. మానుకు కొమ్మ కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని వదిలి దాని బయట కోయండి. ఒకే ఏడు మూడో వంతు కంటే ఎక్కువ ఆకు తీయొద్దు.

మేకల సంగతి మరవొద్దు. పశ్చిమ ఆఫ్రికాలో ఫులానీ పశువుల కాపర్లు ఎండాకాలంలో మేతకు ఈ చెట్ల కొమ్మలే నరికి వేస్తారు. అంటే పశువుకు రుచే. మూడేళ్లు ముళ్లకంచె తప్పదు. దాళ్వాలో కలుపు మందు కొట్టే రోజున అది మొక్కల మీద పడకుండా గాలి వాటం కూడా చూసుకోండి.

తుపాను ముందు, తుపాను తర్వాత

ఏటా సెప్టెంబరులో చేసే పని ఒకటుంది. బోదెలు పూడిక తీయండి. నేల నాని ఉన్నప్పుడే చెట్టు పడుతుంది, పొడిగా ఉంటే గాలికి చాలావరకు నిలబడుతుంది. తర్వాత, గుబురుగా అల్లుకున్న కొమ్మల్లో కొన్నిటిని తీసి గాలి దూరేలా పల్చన చేయండి. పై తల నరికేయడం మాత్రం వద్దు, అక్కడి నుంచి బలహీనమైన కొమ్మలు గుంపుగా లేచి వచ్చే ఏడు అవే విరుగుతాయి.

మూడేళ్ల లోపు మొక్క ఒరిగితే రెండు మూడు రోజుల్లోనే, నేల మెత్తగా ఉండగానే మెల్లగా లేపి, ఎదురు పక్క నుంచి తాడు కట్టి, వేళ్ల మీద మట్టి తొక్కండి. పెద్ద చెట్టు మొదలు పెకలితే లేపినా నిలవదు. దాన్ని చెక్క కిందే లెక్కేసుకోండి.

కోత, కొలత

"పదేళ్లకు ఎకరాకు కోటి" అని చెప్పేవాళ్లు ఊరూరా తిరుగుతున్నారు. ఆ మాట నమ్మి వరి భూమి మొత్తం మార్చేసినవాళ్లను తలుచుకుంటే నాకు కడుపులో తిప్పుతుంది. పదేళ్ల చెట్టులో చేవ (మాను నడిమి ముదురు చెక్క) సన్నగా ఉంటుంది, ఎక్కువ భాగం లేతరంగు చెక్కే. మంచి చెక్క కావాలంటే 20 నుంచి 25 ఏళ్లు అనుకుని మొదలుపెట్టండి. చెట్లు మేమే తిరిగి కొంటామని వాళ్లు రాసిచ్చే కాగితం మీద మీ ఆశ పెట్టుకోకండి. ఈ చెట్టు గట్ల మీద, తోట అంచున, పంట నడుస్తుండగా పక్కన పెరగాలి. అప్పుడు ఆలస్యమైనా అప్పు ఉండదు.

వయసు కాదు, చుట్టుకొలత చూడండి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టండి. 48 అంగుళాలు దాటాక సామిల్లుకు పనికొచ్చే చెట్టు. మన కలప వ్యాపారంలో లెక్క ఇలా కడతారు: దుంగ మధ్య చుట్టుకొలతను నాలుగుతో భాగించి, ఆ వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడుగు అడుగులతో గుణించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 48 అంగుళాల చుట్టు, పదడుగుల దుంగ: 12ను 12తో గుణిస్తే 144, పదితో గుణించి 144తో భాగిస్తే 10 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో 12.7 ఘనపుటడుగుల చెక్క ఉంది. కోతలో పోయేదానికి తగ్గించి లెక్కేసే పాత పద్ధతి ఇది. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. నిలుచున్న చెట్టును ఉజ్జాయింపుగా "ఇంతకిచ్చెయ్" అంటే ఒప్పుకోకుండా కొట్టించి, కొలిచి అమ్మండి.

చెట్టు కొట్టే ముందు అటవీ రేంజి కార్యాలయంలో అడగండి. సొంత భూమిలోని చెట్టయినా రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కలప రవాణాకు వేరే నిబంధనలున్నాయి. ఏ చెట్టుకు అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో కొట్టకముందే తెలుసుకుంటే లారీ రోడ్డు మీద ఆగదు.

ఆరబెట్టడం

ఫిబ్రవరి, మార్చిలో కొట్టించండి. దుంగ కొనలకు అదే రోజు పాత పెయింటో, మైనమో పూయండి. కొనల నుంచి తేమ వేగంగా పోతే నెర్రెలు లోపలికి పాకుతాయి. వారం పది రోజుల్లో పలకలు కోయించేయాలి. దుంగను తోటలో వానాకాలం దాకా వదిలేస్తే బయటి తెల్లచెక్కలో పురుగు పడి పిండిలా రాలుతుంది.

ఈ చెక్క పోగు మెలిక తిరిగి, ఒక పొర ఒకవైపు, ఇంకో పొర ఎదురువైపు అల్లుకుని ఉంటుంది. అందుకే ఆరేటప్పుడు వంగిపోతుంది. గాలి ఆడే పాకలో, నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మెలు పెట్టి పలకలు పేర్చండి. ప్రతి వరసకూ మధ్య అంగుళం మందం పేడ్లు (సన్నటి చెక్క బద్దలు), రెండడుగులకొకటి, పైనుంచి కిందికి ఒకే నిలువులో ఉండాలి. పేడు అటూ ఇటూ జరిగితే పలక అక్కడే వంగుతుంది. పైన బరువు పెట్టండి. మన తేమ గాలిలో అంగుళం పలకకు ఐదారు నెలలు, రెండంగుళాల దానికి ఏడాది పడుతుంది.

తెల్లచెక్క వాడక తప్పకపోతే బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్లు కలిపి, వంద లీటర్ల వేడినీళ్లకు ఐదు కిలోల చొప్పున కరిగించి, పచ్చిగా ఉన్నప్పుడే ముంచాలి. చేవలోకి ఈ మందు పెద్దగా ఇంకదు. వానకు కడుక్కుపోతుంది కాబట్టి ఇంటి లోపలి సామానుకే. చేతికి గ్లవుజులు, పిల్లలకు దూరం.

ఏం చేయించుకోవచ్చు

చేవ లేత ఎరుపు నుంచి ముదురు గోధుమ ఎరుపు దాకా ఉంటుంది, ఎండ తగిలే కొద్దీ ముదురుతుంది. మంచాలు, బీరువాలు, బల్లలు, లోపలి తలుపులు, మెట్ల పలకలు, వీటికి చక్కగా సరిపోతుంది. మాలి, గినీ దేశాల్లో జెంబే డోళ్లు తొలిచే చెక్కల్లో ఇదొకటి. భూమిలో పాతే స్తంభాలకు, ఎప్పుడూ తడిసే చోట్లకు వాడొద్దు. గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన టేకుతో ఇళ్లు కట్టుకున్న ప్రాంతం మనది, దేన్ని చూసినా టేకుతో పోలుస్తాం. టేకులా ఇది తేమకు నిలకడగా ఉండదు, కాస్త ఎక్కువ ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. టేకు చేసే పనులన్నీ దీనితో చేయించాలని చూడకండి.

తొమ్మిదో ఏట వరస పల్చన చేయడానికి తీసేసిన చెట్లలో ఒకదానితో మా వడ్రంగి ఒక బల్ల చేశాడు. మొదటిసారి చిత్రిక పట్టగానే పలక మీద ముళ్లలా పెళ్లలు లేచాయి. "ఇది మొండి చెక్కండి, ఎటు పట్టినా ఎదురే వస్తందండి," అని చిత్రిక విప్పి, బ్లేడు నూరి, వెంట్రుకవాసి బయటికి ఉంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఉల్లిపొరలా పొట్టు లేచింది, కింద ఒక చార నిగనిగగా, ఒక చార మసకగా, పక్కపక్కనే కనిపించాయి. బల్ల అటు నుంచి ఇటు తిరిగి చూస్తే మెరిసేవి మసకవుతాయి, మసకవి మెరుస్తాయి. ఆ మెలిక పోగు వల్లే అది. చివర్లో గరుకు కాగితం పోగు వెంటే రుద్దాలి. మేకు దిగేచోట ముందు డ్రిల్లు వేయకపోతే పగులుతుంది. ఈ చెక్క పొడి కొందరికి ముక్కు మండిస్తుంది, చర్మం దురద పెడుతుంది. మాస్కు లేకుండా కోయొద్దు.

బెరడు గురించి ఒక మాట. ఆఫ్రికాలో జ్వరాలకు ఈ చేదు బెరడు కషాయం తాగుతారు. అది విని ఇక్కడ బెరడు ఒలిచి కాచుకునేవాళ్లున్నారు. ఎంత మోతాదో, ఎవరికి పడదో తెలియని మందు మీద ప్రయోగం వద్దు. పైగా బెరడు చుట్టూ ఒలిచిన చెట్టు ఎండిపోతుంది.

తలుపు చేయిస్తే నెల రోజులు ఆ పలకలను మీ ఇంట్లోనే, తలుపు పెట్టే గదిలోనే ఆనించి ఉంచండి, తర్వాతే కొలత తీయించండి. వేసవిలో బిగించే తలుపుకు పైనా పక్కనా రూపాయి బిళ్ల సులువుగా పట్టేంత సందు వదలాలి. ఆ సందు చూసి మేస్త్రీ పని బాగాలేదనుకోకండి. శ్రావణానికి చెక్క ఉబ్బి సరిగ్గా సరిపోతుంది.